పరుపు మోసిన నలుగురు

పాఠ్యభాగములు: మార్కు 2:1-12, నెహెమ్యా 3వ అధ్యాయము
కంఠస్థ వాక్యము: 1 పేతురు 4:10
పాఠోద్దేశము: మన చేతిలోని పనితనము దేవుడిచ్చిన వరమనియు, దానిని ఇతరులతో కలిసి పొరుగువాని మేలునకు వినియోగింపవలెననియు గ్రహించుట.



ఈ పాఠమునకు ముందు పై భాగములను కుటుంబమంతయు కూడి నెమ్మదిగా చదువుకొనుడి. చదువురాని పెద్దలు ఇంట నున్నయెడల పిల్లలు బిగ్గరగా చదివి వినిపింపవలెను.

విశాఖ మన్యములో బండి దారి లేని కొండ గ్రామములు నేటికిని కొన్ని యున్నవి. అచ్చట పురుటి నొప్పులు పడు స్త్రీని గాని, జ్వరముతో లేవలేని వృద్ధుని గాని ఆసుపత్రికి చేర్చవలెనన్న డోలీ కట్టవలసినదే. పొడవైన కర్రకు దుప్పటి కట్టి, రోగిని అందులో పరుండబెట్టి, భుజములు మార్చుకొనుచు కొండ దిగుదురు. డోలీ మోసినవాని నడిగినయెడల అతడు ఒక్క సంగతి చెప్పును: ఎంత బలవంతుడైనను ఒంటరిగా డోలీ మోయలేడు. ఈ మాట జ్ఞాపకముంచుకొని కపెర్నహూమునకు పోదము.

1. నలుగురు మోసిరి

ప్రభువు ఇంట నున్నాడని వినగానే వాకిలియంతయు జనముతో నిండెను. పక్షవాయువు గల యొకనిని నలుగురు మోసికొని వచ్చిరి. త్రోవ దొరకలేదు. వారు వెనుకకు పోలేదు. పైకెక్కి, ఇంటికప్పు విప్పి, రోగి పండుకొనియున్న పరుపును ప్రభువు ఎదుట దింపిరి.

ఆ నలుగురి పేర్లు మార్కు వ్రాయలేదు. వారి వృత్తులును వ్రాయలేదు. అయినను వారు చేసిన పనిని ఆలోచింపుడి. కప్పును ఎచ్చట విప్పిన క్రిందివారిమీద పడదో చూడవలెను. పరుపు ఒకవైపు ఒరగకుండ నలుగురును సమముగా దింపవలెను. ఇది ప్రేమ మాత్రముచేత అగు పని కాదు. చేతి నేర్పును, ఒకరితో ఒకరు కుదురుటయు కావలెను. ప్రభువు వారిని చూచినప్పుడు చెమట పట్టిన చేతులను మాత్రమే చూడలేదు. ఆ చేతులలో విశ్వాసమును చూచెనని మార్కు చెప్పుచున్నాడు. రోగి పాపక్షమాపణయు పొందెను, లేచి నడిచెను. స్వస్థపరచినవాడు ప్రభువే. కాని మోయుటను ప్రభువు ఆ నలుగురికే విడిచిపెట్టెను.

మన సంఘములలో ఒక తాపీమేస్త్రి ఉన్నాడనుకొందము. కానుకల పళ్లెము దగ్గరకు వచ్చినప్పుడు అతడు తల వంచుకొనును. “నాయొద్ద ఏమున్నది? డబ్బున్నవారు సేవ చేయుదురు గాక” అనుకొనును. కుట్టుమిషను త్రొక్కు సహోదరియు, బడి పంతులును, బస్సు డ్రైవరును ఇట్లే అనుకొందురు. ఇది వినయమువలె కనబడును గాని నిజముగా గొప్ప నష్టము. పరుపు ఒక మూలను పట్టుకొనవలసిన చేయి పట్టుకొనకపోయినయెడల రోగి వాకిటనే యుండును.

2. చికాగోలో నలుగురు

ఇప్పుడు మన కాలమునకు దగ్గరనున్న వేరొక నలుగురిని చూతము. 1905 ఫిబ్రవరి 23న అమెరికా దేశములోని చికాగో పట్టణములో పాల్ హారిస్ అను న్యాయవాది ముగ్గురు స్నేహితులతో కూడుకొనెను. వారిలో ఒకడు బొగ్గు వర్తకుడు, ఒకడు గనుల ఇంజనీరు, ఒకడు దర్జీ. ఒక్కొక్క వారము ఒక్కొక్కరి పనిచోట చక్రమువలె మారి మారి కూడుకొనుచుండిరి గనుక ఆ కూటమునకు రోటరీ అను పేరు వచ్చెను.

నిజము చెప్పవలెనన్న, మొదట తమలో తాము వ్యాపారము ఇచ్చి పుచ్చుకొనుటయు వారి యుద్దేశములలో నొకటి. అయితే స్వలాభమే చూచుకొను కూటము ఎంతకాలము నిలుచును? త్వరలోనే వారి చూపు పట్టణముమీదికి మరలెను. 1907లో వారు మొదలుపెట్టిన మొదటి ప్రజాసేవ ఏమని తలంచుచున్నారు? చికాగోలో ప్రజలకొరకు మరుగుదొడ్డి కట్టించు ప్రయత్నము! గొప్పవారు నవ్వుదురేమో గాని, బజారునకు వచ్చి రోజంతయు ఇబ్బందిపడు మన పల్లె స్త్రీలు నవ్వరు.

ఆ కూటములోని విశేషమేమనగా, ఒక్కొక్క వృత్తినుండి ఒకరు చొప్పున చేర్చుకొనుట. వైద్యుడు, ఇంజనీరు, ఉపాధ్యాయుడు, వర్తకుడు ఒకే బల్లచుట్టు కూర్చుండిరి. ఒకని చేతిలో లేని పని మరియొకని చేతిలో నుండెను. వృత్తిద్వారా సేవ అనునది వారి ముఖ్య నియమములలో నొకటి ఆయెను. ఈ ఉద్యమము 1919లో కలకత్తాకు వచ్చెను. 1962-63లో కలకత్తా నివాసియైన నితీశ్ లాహరి ప్రపంచ రోటరీ అధ్యక్షుడాయెను. మొదట పురుషులకే యున్న ఈ కూటములలో 1989 నుండి అన్ని దేశములలోను స్త్రీలకు ప్రవేశము కలిగెను. నేడు విశాఖపట్టణములోని రోటరీ క్లబ్బులు 3020వ రోటరీ జిల్లాలో చేరియున్నవి.

లయన్సు క్లబ్బులు కూడ చికాగోలోనే 1917లో మెల్విన్ జోన్స్ అను భీమా వ్యాపారి ప్రయత్నమున ఏర్పడెను. 1925లో హెలెన్ కెల్లర్ అను స్త్రీ వారి మహాసభలో నిలిచి అంధులపక్షముగా మొఱపెట్టెను. ఆమె పసితనములోనే చూపును వినికిడిని పోగొట్టుకొనినది. నాటినుండి నేత్రసేవ లయన్సువారి ముఖ్యమైన పని ఆయెను.

క్లబ్బు అనగానే మన పల్లెలలో పేకాట తలంపునకు వచ్చును. ఇవి అట్టివి కావు.

3. లేచి నడిచిన బిడ్డలు

మార్కు చెప్పిన పక్షవాయువునకు దగ్గరి వ్యాధి మన తరములో పోలియో. ఈ పురుగు నోటిద్వారా పిల్లల కడుపులోనికి పోయి, కొందరిలో నరములను చెరిపి కాళ్లను చచ్చుపరచును. కఱ్ఱల ఆధారముతో ఈడ్చుకొని నడచువారు ప్రతి ఊరిలోను నుండిరి. ఒకసారి చచ్చుపడిన కాలును బాగుచేయు మందు లేదు. ముందుగా చుక్కలు వేయుటయే మార్గము.

1979లో రోటరీవారు ఫిలిప్పీను దేశములో 60 లక్షలమంది పిల్లలకు చుక్కలు వేయు పనికి పూనుకొనిరి. 1985లో లోకమంతటను పోలియోను తుడిచివేయు ప్రతిజ్ఞ చేసిరి. 1988లో ప్రపంచ ఆరోగ్య సంస్థయు ఇతర సంస్థలును వారితో చేయి కలిపినప్పుడు 125 దేశములలో ఏటేట సుమారు 3,50,000 మంది ఈ వ్యాధి పాలగుచుండిరి.

ఆ పని ఎట్లు జరిగెనో గమనింపుడి. చుక్కల మందు వెచ్చనైనచో చెడిపోవును. కాబట్టి మంచు పెట్టెలు కావలెను, వాటిని మోయువారు కావలెను, శీతల యంత్రములు బాగుచేయువారు కావలెను. ఏ వీధిలో ఎందరు పిల్లలున్నారో లెక్క వ్రాయువారు కావలెను. భయపడు తల్లులతో ఇంటి భాషలో మాటలాడువారు కావలెను. చుక్క వేసిన బిడ్డ చిటికెనవ్రేలికి సిరాగుర్తు పెట్టువారు కావలెను. వైద్యుడు ఒక్కడే ఈ పరుపు మోయలేడు.

మన దేశములో 2009వ సంవత్సరమున 741 పోలియో కేసులు నమోదాయెను. 2010లో 42. 2011లో ఒక్కటి. 2011 జనవరి 13న పశ్చిమ బెంగాలులోని హౌరా జిల్లాలో వ్యాధి సోకిన చిన్నపిల్లయే సహజ పోలియో పురుగునకు మన దేశములో చివరి రోగి. 2014 మార్చి 27న మన ప్రాంతపు దేశములన్నియు పోలియో రహితమైనవని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపరచెను. ఆఫ్ఘనిస్తాను పాకిస్తాను దేశములలో ఆ పురుగు ఇంకను పోలేదు గనుక మన బిడ్డలకు చుక్కలు మానరాదు. మన వీధులలో ఆడుకొను పిల్లల కాళ్లను చూచినప్పుడెల్ల, పేరులేని లక్షలమంది పరుపు మోసిరని జ్ఞాపకము చేసికొని దేవుని స్తుతింపుడి.

4. విశాఖపట్టణము మనకు నేర్పు సంగతి

దూరదేశముల సంగతులు చాలును. మనము నేడు తెలుగులో మార్కు సువార్త చదువుచున్నాము గదా! ఆ భాగ్యము మనకు మొదట విశాఖపట్టణమునుండి వచ్చినది. 1805లో లండన్ మిషనరీ సొసైటీవారు పంపిన జార్జి క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ అనువారు అచ్చట దిగి తెలుగు నేర్చుకొన నారంభించిరి. భాషాపండితుడైన ఆనందరాయరు అను విశ్వాసి వారికి తోడాయెను. 1809లో క్రాన్ మరణించెను. 1810లో డెస్ గ్రాంజెస్ మరణించెను. వారు సిద్ధపరచిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో సెరంపూరు అచ్చుకూటములో అచ్చాయెను. అనువాదకులు ఆ అచ్చు పుస్తకమును కన్నుల చూడలేదు. పరదేశి పట్టుదల, దేశస్థుని పాండిత్యము, అచ్చుకూర్పరి చేతిపని, ఈ మూడును కలియనిచో తెలుగువాని చేతికి సువార్త రాకపోయెడిది.

ఆ పట్టణమే తరువాత రేవుపట్టణమాయెను. 1933లో నౌకాశ్రయము తెరువబడెను. 1948లో అచ్చటి నౌకా నిర్మాణశాలనుండి జల ఉష అను ఓడను జవహర్లాల్ నెహ్రూ నీటిలోనికి విడిచెను. 1992లో ఉక్కు కర్మాగారము జాతికి అంకితమాయెను. మన పల్లెల బిడ్డలు ఎందరో అచ్చట ఫిట్టర్లు, వెల్డర్లు, ఎలక్ట్రీషియన్లు, క్రేను నడుపువారు, నర్సులు, గుమాస్తాలుగా నున్నారు. ఒక ఓడను వడ్రంగి ఒక్కడే కట్టలేడు. వెల్డరు ఒక్కడే కట్టలేడు. అది వారికి దినదినము తెలిసిన పాఠమే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖమీద పడినప్పుడు స్తంభములు కూలి పట్టణమంతయు చీకటిలో మునిగెను. ఆ దినములలో బియ్యము పంచినవారు గొప్ప మేలు చేసిరి. అయినను నీళ్ల మోటారు తిరుగుటకు, ఆసుపత్రిలో దీపము వెలుగుటకు స్తంభమెక్కు లైన్‌మన్ కావలసివచ్చెను. ఇతర జిల్లాలనుండి వచ్చిన లైన్‌మన్‌లు రాత్రింబగళ్లు పనిచేసిరి. డబ్బుతో కొనలేని గడియలో పనితనమే దానమాయెను.

పండుగకు మన పిల్లలు విశాఖనుండి ఇంటికి వచ్చుదురు. క్రొత్త బట్టలు తెత్తురు, గుడికి కానుక ఇత్తురు. సంతోషమే. కాని ఊరిలో బోరింగు పంపు వాషరు అరిగి మూడు నెలలనుండి పనిచేయక, తల్లులు దూరమునుండి నీళ్లు మోయుచుండగా, ఫిట్టరు పనిలో ఆరితేరిన కుమారుడు రెండు దినములుండి తిరిగిపోవుట సరియైనదేనా? అతడు దుష్టుడు కాడు. తన పాన పట్టుకొన్న చేయియు దేవుని సేవకు పనికివచ్చునని అతనికి ఎవ్వరును చెప్పలేదు. ఆ తప్పు మన ప్రసంగములలో నున్నది.

5. తమ యింటికి ఎదురుగా

నెహెమ్యా 3వ అధ్యాయమును పేర్ల పట్టికయని విడిచిపెట్టుదుము. శ్రద్ధగా చదివినచో అది పనివారి హాజరు పుస్తకము. యాజకులు కట్టిరి. కంసాలియైన ఉజ్జీయేలు కట్టెను. అతని ప్రక్కను పరిమళ ద్రవ్యములు చేయు హనన్యా కట్టెను. షల్లూము తన కుమార్తెలతో కూడ కట్టెను. వర్తకులు కట్టిరి. అనేకులు తమ తమ యిండ్లకు ఎదురుగానున్న భాగమును కట్టిరి. ఒక్క చోట మాత్రము మచ్చ యున్నది: తెకోవ ఊరి ఘనులు పనికి మెడ వంచలేదని 5వ వచనము చెప్పుచున్నది. ఏబది రెండు దినములలో గోడ ముగిసెను. మెడ వంచనివారి సంగతి మాత్రము నేటికిని చదువబడుచున్నది.

మన యింటికి ఎదురుగా ఏ గోడ పడియున్నది? ఒక్క ఉదాహరణ తీసికొందము. మన ఊళ్లలో కంటిలో పువ్వు, శుక్లము అని చెప్పుకొను జబ్బుతో చూపు తగ్గిన వృద్ధులు కొందరుందురు. శుక్లమనగా కంటిలోని సహజమైన కటకము మసకబారుట. శస్త్రచికిత్సలో దానిని తీసివేసి చిన్న కృత్రిమ కటకమును అమర్చుదురు. విశాఖలో 1923 నుండి కింగ్ జార్జి ఆసుపత్రి యున్నది; 2006 నుండి ఎల్. వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ శాఖ పనిచేయుచు బీదలకు ఉచితముగా చికిత్స చేయుచున్నది. రోటరీ, లయన్సు క్లబ్బులవారు నేత్ర శిబిరములు పెట్టుచుందురు. వైద్యుడున్నాడు, ఆసుపత్రియున్నది. అయినను ముసలమ్మ చీకటిలోనే యున్నది. ఏల?

ఆమెకు శిబిరము సంగతి చదివి చెప్పువారు లేరు. బస్సు దాక చేయి పట్టుకొని నడిపించువారు లేరు. ఆమె లేని రెండు దినములు గేదెకు గడ్డి వేయువారు లేరు. తిరిగివచ్చిన తరువాత వైద్యుడు చెప్పిన వారములన్నియు వేళకు కంటిలో చుక్కలు వేయువారు లేరు. ఈ నాలుగు పనులలో ఏదియు పట్టణపు వైద్యుడు చేయలేడు. పరుపు ఒక మూల ఆయన పట్టుకొనియున్నాడు. తక్కిన మూలలు మనవి. బడి పంతులు పేర్ల పట్టిక వ్రాయవచ్చును. డ్రైవరు బండి నడుపవచ్చును. నర్సు చదువు చదివిన కుమార్తె రక్తపోటు చూడవచ్చును. గేదెకు గడ్డి వేయుట కూడ, ప్రియులారా, రాజ్యసేవయే.

6. మూడు హెచ్చరికలు

మొదటిది: వృత్తిలో యథార్థత లేనివాని సేవ సున్నము కొట్టిన గోడ. సిమెంటులో ఇసుక ఎక్కువ కలిపి పొరుగువానిని మోసగించిన మేస్త్రి, ఆదివారమున గుడి గోడ ఉచితముగా కట్టిన ఏమి లాభము? 1932లో చికాగోలో హెర్బర్ట్ టేలర్ అను వ్యాపారి, మునిగిపోవుచున్న కంపెనీని నిలువబెట్టుటకు నాలుగు ప్రశ్నల పరీక్ష వ్రాసికొనెను: చెప్పునది సత్యమా, అందరికి న్యాయమా, స్నేహమును పెంచునా, అందరికిని మేలా అని వాటి భావము. రోటరీవారు దానిని తమదిగా చేసికొనిరి. బాప్తిస్మమిచ్చు యోహాను సుంకరులకును సైనికులకును ఇచ్చిన బుద్ధి లూకా 3:10-14లో చదివినయెడల, ఆ పాఠము మనకు ఎంత పురాతనమైనదో తెలియును.

రెండవది: దండలు, బ్యానర్లు, ఫోటోలు. పది దుప్పట్లు పంచి ఇరువదిమంది ఫోటో దిగుట క్లబ్బులలో కలదు. మన సంఘములలోను కలదు గనుక వారిని నిందింపక మత్తయి 6:1-4 మనమే చదువుకొందము. మంచము మోసినవారి పేర్లు సువార్తలో లేవు. అదే వారి ఘనత.

మూడవది ఒక సందేహము. “ఈ క్లబ్బులలో అన్ని మతములవారు ఉందురు. విశ్వాసి వారితో కలిసి పనిచేయవచ్చునా?” అని కొందరు మంచి మనస్సుతోనే అడుగుదురు. యిర్మీయా 29:7లో బబులోనులో చెరగా నున్న తన ప్రజలకు దేవుడు ఆ పట్టణపు క్షేమము కోరుమని చెప్పెను. అది విగ్రహములతో నిండిన పట్టణమే. ఆరాధన విషయములో మన సాక్ష్యమును మనము కాచుకొందము. కాని గ్రుడ్డివానికి త్రోవ చూపుటకును, చెడిన బావిని బాగుచేయుటకును పొరుగువాడు చేయి చాచినప్పుడు, అతని మతమేమని అడిగి చేయి వెనుకకు తీయువాడు మంచి సమరయుని కథ మరచినవాడు. అయితే క్లబ్బు సంఘమునకు బదులు కాజాలదు. చూపు వచ్చిన ముసలమ్మకు పాపక్షమాపణ మాటయు వినిపింపవలెను. ప్రభువు ఆ దినమున రెండును ఇచ్చెను. సేవను ఎరగా చూపుట మాత్రము తగదు. ప్రేమతో చేసి, అడిగినవానికి మన నిరీక్షణ చెప్పుటయే తగినది.

7. ఈ నెల చేయవలసినది

ఆదివారము ఆరాధన తరువాత సంఘ పెద్దలు ఒక నోటుపుస్తకము తీసికొని, ప్రతివాని పేరుకు ఎదురుగా అతని చేతిపని వ్రాయవలెను. విశాఖలో నున్న పిల్లల పేర్లును, వారి పనులును వ్రాయుడి. రెండవ పుటలో ఊరి అక్కరలు వ్రాయుడి. సంఘపు అక్కరలు మాత్రమే కాక ఊరందరివి. రెండు పుటలను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడి. క్లబ్బు సభ్యత్వమునకు చందాలు కట్టు శక్తి మనలో అనేకులకు లేదు. దానికి దిగులు వలదు. క్లబ్బు సభ్యులు కానివారును తమ ఊరిలో గుంపుగా ఏర్పడి రోటరీవారితో కలిసి పనిచేయుటకు రోటరీ కమ్యూనిటీ కోర్ అను ఏర్పాటు కలదు. దగ్గరి పట్టణములోని క్లబ్బువారికి పంచాయతీ పెద్దలతో కలిసి ఒక ఉత్తరము వ్రాయుడి. “మాకు ఇండు” అని మాత్రము వ్రాయవద్దు. “మేము ఈ మూల పట్టుకొందుము, మీరు ఆ మూల పట్టుకొనుడి” అని వ్రాయుడి.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. నా చేతిలో దేవుడుంచిన పనితనమేది? దానిని డబ్బు తీసికొనక చివరిసారి ఎవరికొరకు వాడితిని?
2. మా ఊరిలో వాకిటనే ఆగిపోయిన పరుపు ఎవరిది?
3. నేను మెడ వంచని ఘనుడనా, తన యింటికి ఎదురుగా కట్టిన పనివాడనా?

ప్రార్థన

వడ్రంగి యింట పెరిగిన ప్రభువా, పని చేసిన చేతుల వాసన నీకు తెలియును. మాకు ఏమియు లేదని చెప్పుకొనిన అబద్ధమును క్షమింపుము. మా ఉలిని, మా సూదిని, మా పానను, మా కలమును నీకు అప్పగించుచున్నాము. మా పొరుగువాని పరుపు ఒక మూలను మాకు చూపుము. తక్కిన మూలలు పట్టుకొనువారిని ప్రేమించు మనస్సు నిమ్ము. ఆమేన్.